మూగబండి

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన గొడవలన్నీ ఒక కారు గురించే. పోనీ అది మా సొంతమా అంటే అదీ కాదు, ట్యాక్సీ కంపెనీది. అన్నయ్యా నేనూ ఇద్దరం ఆ కంపెనీలో డ్రైవర్లం. వదిన ముందుగదిలో మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది. అన్నయ్య పాతికేళ్ళుగా ఒకే రకం బండి నడిపాడు, తెల్లటి సెడాన్. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా దాని మీదే. దాన్ని తయారుచేసేవాళ్ళు ఇక చెయ్యడం మానేశారని ఒకరోజు పొద్దున్నే మేనేజర్ షెడ్డు మధ్యలో నిలబడి, వర్షం పడేలా ఉందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"విడిభాగాలు దొరకవు ఇక. మన బళ్ళన్నీ ఒక్కొక్కటే మారిపోతాయి. వాటి బదులు హైబ్రిడ్. సగం పెట్రోలు, సగం కరెంటు. ముందు ఒక్కటే తెప్పించాం. నెల రోజులు నడిపి చూసి, మీ అందరి అభిప్రాయాలూ తీసుకుంటాం," అన్నాడు.

అభిప్రాయాలట! సీటు చిరిగి స్ప్రింగు గుచ్చుకుంటోందంటే పాత దుప్పటి మడిచి వేసుకోమన్న కంపెనీ ఇది. నాకు అక్కడే ఒళ్ళు మండింది.

కొత్త బండి మధ్యాహ్నానికి వచ్చింది. గేటు దాటి మా వెనక్కి వచ్చి ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. చప్పుడే లేదు. నోరు మూతపడదు కాబట్టి మేమంతా రేడియో అని పిలిచే డ్రైవరొకడున్నాడు, వాడు ఉలిక్కిపడి పక్కకి గెంతి, "ఇదేం బండిరా నాయనా, మూగబండి!" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

ఇక చూడాలి అభిప్రాయాలు. డిక్కీలో బ్యాటరీ పెట్టి సగం చోటు మింగేశారు, రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవన్నాడు రేడియో. చలికాలమైనా ఎండాకాలమైనా టోపీ తియ్యని టోపీ బాబాయి, క్లచ్ లేకపోతే ఎడమకాలు ఇంట్లో వదిలేసి రావాలా అని అడిగాడు. అన్నయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపల కూర్చుని, దిగాడు.

"ఇంజన్ పాదాలకి తెలియాలి. బండి బతికుందో లేదో తెలియకుండా ఎట్లా నడుపుతాం?" అన్నాడు.

మేనేజర్ అందర్నీ చూసి నా దగ్గర ఆగాడు. "నెల రోజులూ మీరు నడపండమ్మా. మీరు బాగుందంటే అందరూ నమ్ముతారు."

"సరిపోయింది. బండికి నోరు లేదు, చెల్లెమ్మకి రెండు బండ్ల నోరు. జోడీ కుదిరింది," అన్నాడు రేడియో. షెడ్డంతా నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. అది నేను మర్చిపోలేదు.

నిజం చెప్పాలంటే బండి బాగుంది. నడుం నొప్పి రెండో రోజుకే తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగితే సెడాన్‌లో ఏసీ చచ్చిపోయేది, చెమటతో వీపు సీటుకి అంటుకుపోయేది. ఇందులో ఇంజన్ ఆగినా చల్లగాలి వస్తూనే ఉంటుంది. ట్రాఫిక్‌లో గంట ఉన్నా కాలు పీకదు. ఎవరికీ చెప్పకుండా లోలోపల మురిసిపోయాను.

మూడో రోజు కంటి ఆసుపత్రికి ఒక ముసలావిణ్ణి తీసుకెళ్ళాను. ఆసుపత్రి గుమ్మం ముందు కాస్త ఎత్తు. పైకెక్కి ఆపాను. ఎత్తులో ఆపితే బండిని గేర్లోనే వదిలి, హ్యాండ్‌బ్రేక్ కాస్త లాగి, ఇంజన్ ఆపి దిగాలని అన్నయ్య నాకు నేర్పిన మొదటి పాఠం. సెడాన్ గేర్లో ఉంటే రాయిలా కదలదు. నా చెయ్యి అలవాటుగా హ్యాండ్‌బ్రేక్ కాస్త లాగింది. చప్పుడు లేదు కాబట్టి ఇంజన్ ఆగిపోయిందనే అనుకుంది. తలుపు తియ్యగానే కుయ్ కుయ్‌మంది. అది బెల్టు తీసినా అంటుంది, తలుపు తీసినా అంటుంది, పక్క సీట్లో సంచి పెట్టినా అంటుంది. మూడు రోజులకే చెవిన వేసుకోవడం మానేశాను. దిగి, ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని దింపి, ఆమె సంచి తీశాను.

ఆమె బరువు దిగగానే బండి తనంతట తాను ముందుకు పాకడం మొదలెట్టింది.

సంచి పారేసి, తెరిచి ఉన్న తలుపులోంచి దూరి బ్రేకు తొక్కాను. ఎదురుగా ఆసుపత్రి గోడ జానెడు దూరంలో ఉంది. గోడకీ బండికీ మధ్య అంతకు నిమిషం ముందే ఒకాయన చక్రాల కుర్చీలో వెళ్ళాడు. అప్పుడు గుర్తొచ్చింది. పార్కింగ్‌కి గేరు రాడ్డు లేదు, 'పి' అని చిన్న బటన్. అది నొక్కితే దాని మీద లైటు వెలుగుతుంది. నొక్కకపోతే చప్పుడు లేకపోయినా బండి గేర్లోనే ఉంటుంది, బ్రేకు వదిలితే పాకుతుంది. నేను నొక్కలేదు.

ఎవరూ చూడలేదు. ముసలావిడకి చూపే ఆనదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆడదానికి బండిస్తే గోడకెక్కించబోయిందని రేడియో ఏడాదిపాటు ప్రసారం చేస్తాడు. తొమ్మిదేళ్ళు నేను ఒక్క గీత పడకుండా నడిపింది ఆ ఒక్క మాట రాకుండా ఉండడానికే.

నెల తిరిగేసరికి డ్రైవర్లంతా ఒక్క మాట మీదికొచ్చారు. హైబ్రిడ్ వద్దు, పాత బళ్ళకే విడిభాగాలు ఎక్కడున్నా తెప్పించాలి. అందర్నీ కూడగట్టింది అన్నయ్యే. మీటింగ్‌కి ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర కదిపాడు.

"రేపు నువ్వు కూడా వద్దనే చెప్పు."

"నడిపింది నేను. నాకు బాగుంది."

"నీకు బాగుంటే సరిపోతుందా? టోపీ బాబాయికి యాభై ఎనిమిదేళ్ళు. కొత్త బండి నడపడం రాదంటే ఇంటికి పొమ్మంటారు. అది ఆలోచించావా?"

"నేర్చుకోమను. నా నడుం విరిగిపోయినప్పుడు ఎవరైనా ఆలోచించారా? ఆ డొక్కు కారులో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. ఒక్కసారైనా నీ బండి నాకిచ్చావా?"

"డొక్కు కారా? దాని మీద తిన్న తిండి ఇది!"

"నేను కూడా కష్టపడే తిన్నాను!"

వదిన గరిటె ఠపీమని గిన్నెలో వేసింది. "మీ ఇద్దరి మధ్యా నేను క్లచ్ ప్లేటులా అరిగిపోతున్నాను. కారు వీధిలో వదిలేసి తినండి," అంది. అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మీటింగ్‌లో ముందు అందరికీ కాగితాలిచ్చారు. అందులో ఒక ప్రశ్న: నడపడంలో ఇబ్బందులు ఏమైనా ఎదురయ్యాయా? పెన్ను దాని మీద కాసేపు ఆగింది. 'ఏమీ లేవు' అని రాశాను. తర్వాత ఒక్కొక్కరూ లేచి వద్దు, వద్దు అని చెప్పి కూర్చున్నారు. నా వంతు వచ్చింది. బాగుందన్నాను.

"బాగుండక ఏం? గేర్లు మార్చే పని లేదుగా. ఆడవాళ్ళకి వంటగదిలో మిక్సీ ఇచ్చినట్టే," అన్నాడు రేడియో.

మళ్ళీ నవ్వు. నేను అన్నయ్య వంక చూశాను. ఒక్క మాట అంటాడేమోనని. తను నేల చూపులు చూస్తున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదేం పెద్ద విద్య కాదు సార్," అన్నాను మేనేజర్‌తో, అందరికీ వినపడేలా. "చిన్నపిల్లలైనా నడుపుతారు. అరగంట కూర్చోబెడితే మా అన్నయ్యకైనా వచ్చేస్తుంది."

ఆ నవ్వు ఆగిపోయింది. మేనేజర్ ఆ మాటని శ్రద్ధగా రాసుకున్నాడు.

వారం తిరక్కుండా నా ఫోటో షెడ్డు గోడకెక్కింది. బండి పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్నాను. కింద పెద్ద అక్షరాలతో, 'చిన్నపిల్లలైనా నడుపుతారు!' ఇరవై బళ్ళు ఒకేసారి వచ్చాయి. ముందు అనుకున్నది వారం రోజుల శిక్షణ. అది అరగంటకి దిగింది. అడిగితే, మీ అమ్మాయే చెప్పింది కదా అన్నారు. నా నోటి దురుసుని వాళ్ళు అక్షరాలా అమలుచేశారు. అభిప్రాయాలు తీసుకోవడమంటే ఇదన్నమాట! అంతమంది వద్దన్నది ఎవరికీ వినపడలేదు.

అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. ఇంట్లో ఏం కావాలన్నా వదినతో చెప్పేవాడు. "నీ ఆడపడుచుని కాస్త జరగమను," అనేవాడు, నేను ఎదురుగా ఉండగానే.

తనకి కొత్త బండి ఇచ్చిన రోజు పొద్దున నేను షెడ్డు గేటు దగ్గర కాచుకున్నాను. మూడో రోజు సంగతి చెప్పేద్దామనే. నాకు గేర్లో వదలమని నేర్పింది ఆ చెయ్యే. నా చెయ్యి పొరబడిందంటే ఆ చెయ్యి పొరబడకుండా ఉండదు. అది నాకు రాత్రింబవళ్ళు తెలుస్తూనే ఉంది.

"అన్నయ్యా, ఒక్క మాట. ఎత్తులో ఆపినప్పుడు..."

"నీ పాఠాలు నాకక్కర్లేదు," అన్నాడు, అద్దం సరిచేసుకుంటూ. "చిన్నపిల్లలే నడుపుతారటగా."

"వినమంటుంటే..."

"తప్పుకో. టైమవుతోంది."

"అయితే నీ ఖర్మ," అని తప్పుకున్నాను.

అంతే. బండి చప్పుడు లేకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. నేను నా బండెక్కి నా పనికి పోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వదిన ఫోన్. ఏడవడం లేదు. గొంతు గట్టిగా ఉంది. "మీ అన్నయ్య కాలు విరిగింది. రా," అంది.

ఎవరో కుటుంబాన్ని ఇంటికి దింపుతున్నాడు. ఇంటి ముందు వాలు. పైకెక్కి ఆపాడు. వాళ్ళంతా దిగారు. సూట్‌కేసు తీసి, బండి ముందు నుంచి వెళ్ళి మెట్టు మీద పెడుతున్నాడు. వెనక బండి కదిలింది. చప్పుడుంటే తిరిగి చూసేవాడు. మోకాలిని మెట్టుకి నొక్కేసింది.

నేను వెళ్ళేసరికి మంచం మీద కాలు పైకి కట్టేసి ఉంది. మొహం పాలిపోయింది. వదిన వైపు తిరిగి మాట్లాడుతున్నాడు, అదే మాట మళ్ళీ మళ్ళీ.

"ఆపేశాననే అనుకున్నాను. గేర్లో వదిలే దిగాను. పాతికేళ్ళుగా దిగినట్టే దిగాను. నాకు మతిపోయిందా? ముసలివాణ్ణయిపోయానా?"

"ఊరుకోండి. అలసటగా ఉండి ఉంటుంది," అంది వదిన.

"అలసట కాదే. నా ఒక్కడికే ఎందుకిట్లా అయింది?"

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆ రోజు కూడా చెప్పలేదు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, రాలేదంటే రాలేదు. అయినా చెప్పలేదు.

విచారణ మూడు వారాల తర్వాత షెడ్డు పైన ఆఫీసు గదిలో పెట్టారు. డ్రైవర్లంతా గోడవారగా నిలబడ్డారు. అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు, చంకకర్రలు పక్కన గోడకి ఆనించి ఉన్నాయి. వదిన అన్నయ్య వెనక నిలబడింది. తప్పు డ్రైవరుదని తేలితే ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది, ఆసుపత్రి ఖర్చు కూడా మా నెత్తినే పడుతుంది. తేల్చేసి పంపించేద్దామనే తొందర మేనేజర్ మొహంలో కనిపిస్తూనే ఉంది.

"బండిలో లోపం ఏమీ లేదు. 'పి' నొక్కకుండా దిగారు. ఇది శుద్ధ నిర్లక్ష్యం," అన్నాడు. "ఇంకెవరికీ ఈ సమస్య రాలేదు. నెల రోజులు నడిపిన డ్రైవరు ఇబ్బందులు ఏమీ లేవని రాసిచ్చారు. ఆవిడ వీరి సొంత చెల్లెలే." నా కాగితం పైకెత్తి చూపించాడు. నా అక్షరాలు నాకు దూరం నుంచే కనిపించాయి.

అన్నయ్య తల ఎత్తలేదు. "తప్పు నాదే సార్. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి," అన్నాడు.

మేనేజర్ పెన్ను మూత తీశాడు.

"నాకూ కదిలింది," అన్నాను.

"ఏమిటమ్మా?"

"బండి. మూడో రోజు. కంటి ఆసుపత్రి ముందు. నేనూ 'పి' నొక్కలేదు. ఆగిపోయిందనుకుని గేర్లోనే వదిలి దిగాను. గోడకి జానెడు దూరంలో ఆపాను. ఆ జానెడు లేకపోతే ఈ కుర్చీలో నేను కూర్చునేదాన్ని, లేదా ఇంకెవరో పోయేవారు."

"మరి ఏమీ లేవని రాశారే?"

"అబద్ధం రాశాను."

నేను గోడవారగా ఉన్నవాళ్ళ వైపు తిరిగాను. అప్పటికి నాకు భయం పోయి కోపం ఒక్కటే మిగిలింది.

"నా ఒక్కదానికేనా? చెప్పండి. అందరం ఎత్తులో గేర్లో వదిలి దిగేవాళ్ళమేగా. ఎంతమంది ఈ బండి ఆగిందనుకుని దిగిపోయారు? ఎంతమంది వెనక్కి పరిగెత్తి బ్రేకు తొక్కారు? నాకు పరువు అడ్డొచ్చింది. మీకేం అడ్డొచ్చింది?"

టోపీ బాబాయి టోపీ తీశాడు. అది తియ్యగా నేను చూడడం అదే మొదటిసారి. "నాకు రెండుసార్లు," అన్నాడు మెల్లగా. "చెబితే వయసైపోయిందని ఇంటికి పంపిస్తారని..."

"నాకొకసారి," అన్నాడు రేడియో. మామూలుగా గంట చెప్పేవాడు అక్కడితో ఆపేశాడు. తర్వాత ఇంకో చెయ్యి లేచింది, ఇంకోటి. పదకొండు చేతులు. అన్నీ పెద్ద చేతులే, ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టి కాయలు కాసినవి. వాటిలో ఒక్కటైనా నెల ముందు లేచి ఉంటే బాగుండేది. అన్నిటికంటే ముందు నాది.

మేనేజర్ పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు.

నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారు. కాలు బాగయ్యాక ఉద్యోగం ఉంటుందన్నారు, ఆసుపత్రి కంపెనీయే చూసుకుంటుందన్నారు. అందరికీ వారం శిక్షణ పెట్టారు. నా ఫోటో గోడ మీంచి తీసేశారు. నిజం దాచినందుకు నన్ను నెల రోజులు ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చున్నాను. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అన్నయ్య చంకకర్రలు గోడకి ఆనించి, మంచం మీద కూర్చుని, నెలన్నర తర్వాత మొదటిసారి నావైపు చూసి మాట్లాడాడు. థ్యాంక్స్ చెబుతాడని నేనేం అనుకోలేదు. కానీ ఇది కూడా అనుకోలేదు.

"మూడో రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"నా చేతికి బండిచ్చే రోజుకీ తెలుసు."

"చెప్పబోయాను అన్నయ్యా. నువ్వు విన్లేదు."

"నేను విననంటే? అంతటితో వదిలేస్తావా? నువ్వు మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నప్పుడు విన్నావా నా మాట? చెయ్యి పట్టుకుని, అరిచి, ఏడిపించి నేర్పాను. బండికి అడ్డం నిలబడ్డాను. నువ్వు అడ్డం నిలబడలేకపోయావా? మూడు వారాలు నాకు మతిపోయిందనుకున్నాను. మంచం మీద పడుకుని, ఇక నేను పనికిరానని... నువ్వు తలుపు దగ్గర నిలబడి విన్నావు. విన్నావా లేదా?"

"విన్నాను."

"కాలు అతుక్కుంటుందిలే," అన్నాడు, గోడ వైపు తిరిగి. "అవతలికి పో."

వదిన మిషన్ తొక్కడం ఆపేసింది. తనైనా ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. దారం తెంపి, బట్ట మడిచి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యేసరికి షెడ్డులో సెడాన్‌లు ఒక్కటీ మిగల్లేదు. అన్నయ్యది కూడా వెళ్ళిపోయింది. లారీ మీదికి ఎక్కించేటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశారని, ఒక్క దెబ్బకి అందుకుందని రేడియో ఫోన్ చేసి చెప్పాడు. అన్నయ్యకి చెప్పమన్నాడు. చెప్పమని నేను వదినకి చెప్పాను.

నేను మళ్ళీ పనిలో చేరాక, కాలి వ్యాయామానికి వారానికి రెండుసార్లు అన్నయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. వదిన నా పక్కన కూర్చునేది. అన్నయ్య వెనక సీట్లో, ప్రయాణికుడిలా. దారి పొడుగునా ఒక్క మాట ఉండదు. ఏసీ చల్లగా వస్తుంటుంది, ఇంజన్ ఎప్పుడు ఆగుతోందో ఎప్పుడు అందుకుంటోందో తెలియదు. ఆ ఆసుపత్రికి కూడా గుమ్మం ముందు కాస్త ఎత్తు ఉంది. మొదటి రోజు పైకెక్కి ఆపగానే వెనక నుంచి గొంతు వినిపించింది.

"'పి' నొక్కావా?"

"నొక్కాను అన్నయ్యా."

అన్నయ్య తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. రెండు సీట్ల మధ్య నుంచి కష్టపడి ముందుకు వంగి, బటన్ మీద లైటు వెలుగుతోందో లేదో తన కళ్ళతో చూసుకుని, అప్పుడు తలుపు తీశాడు.

ఇప్పటికీ అంతే.